అందుబాటు ధరలో మంచి విస్కీ: ఏడుపాయల దావత్‌కు ఏ సీసా?

మెదక్ జిల్లాలో మొక్కు, దావత్ రెండూ ఒకచోట జరిగేది ఏడుపాయలలో. పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర మంజీరా ఏడు పాయలుగా చీలుతుంది. అక్కడే వనదుర్గా భవాని గుడి. మహాశివరాత్రికి మూడు రోజులు జాతర. మిగతా రోజుల్లోనూ మొక్కు తీర్చుకునేవాళ్లు వస్తూనే ఉంటారు. అమ్మవారికి బోనం, యాట అయ్యాక చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి లేస్తుంది. బగారన్నం, బోటి, తలకాయ కూర ఉడుకుతుంటాయి. గుడికి దూరంగా పరిచిన చాప మీద, పెద్దలు కూర్చున్నచోట, ఒక సీసా ఉంటుంది.

ఆ దావత్‌లో యాట తర్వాత పెద్ద ఖర్చు ఆ సీసాదే. యాటను కొనేటప్పుడు నోరు తెరిచి పండ్లు చూస్తారు, నడుము పట్టి చూస్తారు, గంటసేపు బేరమాడతారు. సీసా దగ్గరికొచ్చేసరికి కౌంటర్ జాలీలోంచి పేరు చెప్పి, అడిగినంత ఇచ్చి వచ్చేస్తారు. అందులో ఏముందో, ఆ ధర ఎట్లా వచ్చిందో అడిగేవాళ్లు అరుదు. మామూలు సంపాదన ఉన్న మనిషి తన డబ్బుకు తగ్గ విస్కీ తాగగలడా అన్నది ఈ వ్యాసం అడిగే ప్రశ్న. తాగమని ఎవరికీ చెప్పడం లేదు. తాగాలని ముందే నిర్ణయించుకున్న మనిషికి సరైన సరుకు అందాలన్నదే ఇక్కడి వాదన.

సీసాలో ఉన్నదేమిటి?

బ్రిటన్ చట్టం ప్రకారం స్కాచ్ అనిపించుకోవాలంటే ధాన్యంతో తయారవ్వాలి, ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు ఉండాలి, ఆల్కహాల్ 40 శాతానికి తగ్గకూడదు. మన దగ్గర చాలాకాలం ఇట్లాంటి కట్టుబాట్లు లేవు. దేశం మొత్తానికి ఒకే ప్రమాణాలను కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ప్రకటించింది, అవి 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇప్పటికీ మామూలు భారతీయ విస్కీకి ఇన్నేళ్లు పీపాలో ఉండాలన్న నియమం లేదు. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్‌తో చేసినా విస్కీ అనే అమ్ముకోవచ్చు. యూరప్‌లో అదే సరుకును విస్కీ పేరుతో అమ్మనివ్వరు.

ఈ మడ్డి కథ మెదక్‌కు దూరం కాదు. ఏడుపాయల పక్కనే ఘనపూర్ ఆనకట్ట ఉంది. దాని కింద మహబూబ్ నహర్, ఫతే నహర్ కాల్వలు. ఆ ఆయకట్టులో పండిన చెరకు మెదక్ దగ్గరి మంబోజిపల్లి నిజాం షుగర్స్‌కు పోయేది. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. చెరకును గానుగాడి చక్కెర తీశాక మిగిలే నల్లటి మడ్డిని పులియబెట్టి బట్టీ పడితే స్పిరిట్ వస్తుంది. దాన్ని మళ్లీ మళ్లీ శుద్ధి చేస్తే రంగు, రుచి, వాసన దాదాపు లేని, 96 శాతం గాఢత ఉన్న ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ (ఈఎన్ఏ) తయారవుతుంది. నూకలతోనూ మొక్కజొన్నతోనూ ఇదే పని చేయవచ్చు. అది గ్రెయిన్ స్పిరిట్.

మన వైన్స్‌లో దొరికే విస్కీల్లో ఎక్కువ భాగం ఈ ఈఎన్ఏకు నీళ్లు, కారమెల్ రంగు, కొంత మాల్ట్ విస్కీ కలిపి చేసినవే. బార్లీని మొలకెత్తించి, పులియబెట్టి, రాగి బట్టీలో దించి, పీపాలో నిలవ చేసినది మాల్ట్. విస్కీకి రుచీ వాసనా తెచ్చేది అదే, తయారీలో ఖరీదైనదీ అదే. కాబట్టి మామూలు సీసా మంచిదా కాదా అన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: స్పిరిట్ దేనితో తీశారు, మాల్ట్ ఎంత కలిపారు. మాల్ట్ ఎంత శాతమో లేబుల్ మీద చెప్పాల్సిన అవసరం కంపెనీకి లేదు. కొనేవాడికి జరుగుతున్న అసలు అన్యాయం ఇక్కడే మొదలవుతుంది.

ధర ఎట్లా కడతారు?

మద్యం రాష్ట్రాల జాబితాలోని విషయం. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు. అందుకే ఒకే సీసాకు రాష్ట్రానికో ధర. తెలంగాణలో ఏ కంపెనీ అయినా ముందు ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్‌కే అమ్మాలి. కంపెనీకి వచ్చేది మూల ధర. దాని మీద ఎక్సైజ్ సుంకం, వ్యాట్, సెస్, దుకాణదారు కమీషన్ కలిస్తే ఎమ్మార్పీ అవుతుంది. చివరి ధరలో పెద్ద వాటా ఖజానాదే. సీసా, మూత, లేబుల్, రవాణా పోగా లోపలి ద్రవానికి మిగిలేది చాలా తక్కువ.

మూల ధరను కంపెనీ తనంతట తాను పెంచుకోలేదు. విశ్రాంత న్యాయమూర్తి నేతృత్వంలోని కమిటీ సిఫారసు చేయాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి. 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ తెలంగాణకు బీరు సరఫరా ఆపేసింది. ధర ఏళ్లుగా పెరగలేదని, బకాయిలు పేరుకున్నాయని చెప్పింది. ఫిబ్రవరిలో బీరు ధర 15 శాతం పెరిగింది. బీరు విషయం కాబట్టి అందరికీ తెలిసింది. విస్కీలో ఇదే ఒత్తిడి వస్తే కంపెనీ సరఫరా ఆపాల్సిన పని లేదు. మాల్ట్ కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది. లేబుల్ మారదు, పేరు మారదు, తాగేవాడికి తెలియదు. ఏ కంపెనీ అట్లా చేసిందని ఆరోపించడం లేదు. చేసినా పట్టుకునే దారి కొనేవాడి చేతిలో లేదని చెప్పడమే నా ఉద్దేశం.

అదే ఏడాది మేలో లిక్కర్ ధరలు క్వార్టర్‌కు 10 రూపాయలు, హాఫ్‌కు 20, ఫుల్‌కు 40 పెరిగాయి. పెరిగింది సెస్సు. లోపలి సరుకు ఒక్క చుక్క కూడా మెరుగుపడలేదు.

దుకాణాల సంగతీ చూడాలి. రాష్ట్రంలో 2,620 వైన్ షాపులను లాటరీ తీసి రెండేళ్లకోసారి కేటాయిస్తారు. 2025 డిసెంబర్‌తో మొదలైన తాజా విడతకు దరఖాస్తు ఫీజు 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు. అయినా 95 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఫీజుల రూపంలోనే 2,800 కోట్లు దాటింది. ఇంత పెట్టుబడితో షాపు దక్కించుకున్నవాళ్లు ఎక్కువ అమ్ముడయ్యే సరుకునే ముందు వరుసలో పెడతారు. చిన్న ఊళ్లలో మంచి సీసా అడిగితే స్టాక్ లేదనే మాట తరచుగా వినిపించడానికి ఇదొక కారణం.

చుట్టుపక్కల రాష్ట్రాలు నేర్పిన పాఠాలు

ఆంధ్రప్రదేశ్ అన్నీ చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం ఉమ్మడి రాష్ట్రాన్ని కదిలించింది. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. 1997లో నిషేధం సడలింది. 2019 అక్టోబర్ నుంచి అక్కడ ప్రభుత్వమే దుకాణాలు నడిపింది. తెలిసిన బ్రాండ్లు మాయమై, ఊరూ పేరూ తెలియని సీసాలు పెద్ద ధరలకు వచ్చాయి. 2024 అక్టోబర్‌లో కొత్త ప్రభుత్వం 3,396 దుకాణాలను మళ్లీ ప్రైవేటుకిచ్చి, 180 ఎంఎల్ మద్యం 99 రూపాయలకు అందుబాటులో ఉంచుతామంది. ఏడాది తిరిగేసరికి, 2025 అక్టోబర్‌లో, ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ బయటపడింది. ఆ తర్వాత సీసా మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి అసలుదో నకిలీదో చూసుకునే యాప్ తెచ్చారు. ధర తగ్గించినంత మాత్రాన పని పూర్తికాదని, సీసా అసలుదేనని రుజువు కూడా కొనేవాడికి అందాలని ఈ అనుభవం చెబుతోంది.

తెలంగాణలో 2015లో గుడుంబాను తుడిచిపెట్టాలని ప్రభుత్వం చీప్ లిక్కర్ ఆలోచన చేసింది. మహిళా సంఘాలు, ప్రతిపక్షాలు గట్టిగా ఎదిరించాయి. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ వ్యతిరేకత న్యాయమైనదే. అతి చవక మద్యం పేదవాడి ఇంటిని ముందు ముంచుతుంది. అయితే ఆ చర్చ చవకగా ఇవ్వాలా వద్దా అన్నచోటే ఆగిపోయింది. ఇచ్చేదాంట్లో నాణ్యత ఎంత ఉండాలన్న దాకా రాలేదు.

కర్ణాటక 2024 ఆగస్టులో పన్ను శ్లాబులు సవరించి మేలురకం మద్యం ధరలు తగ్గించింది. మహారాష్ట్ర 2021లో దిగుమతి స్కాచ్ మీద ఎక్సైజ్‌ను 300 నుంచి 150 శాతానికి తగ్గించింది. 2025లో మాత్రం ఐఎంఎఫ్ఎల్ (దేశంలో తయారయ్యే విదేశీ తరహా మద్యం) మీద సుంకం బాగా పెంచి, ధాన్యం స్పిరిట్‌తో చేసే స్థానిక మద్యానికి వేరే తరగతి ఏర్పాటు చేసింది. తయారీకి ధాన్యమే వాడాలని తరగతి నిర్వచనంలోనే కట్టడి చేయడం చూడదగ్గ ఆలోచన.

భారత్, బ్రిటన్ 2025 జూలై 24న సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం స్కాచ్ మీద కస్టమ్స్ సుంకం 150 శాతం నుంచి మొదట 75కు, పదేళ్లలో 40కి దిగాలి. దీనివల్ల స్కాచ్ మన వైన్స్‌లో సగం ధరకు వస్తుందని ఆశపడొద్దు. కస్టమ్స్ తర్వాత రాష్ట్ర పన్నులు ఉండనే ఉంటాయి. మన బ్రాండ్లలో కలిపే స్కాచ్ మాల్ట్ కంపెనీలకు చవకగా దొరకడం మాత్రం మంచి అవకాశం. ఆ లాభంలో కొంత సీసాలోకి రావాలి.

మెట్ల వారీగా

మార్కెట్‌ను కింది నుంచి పైకి ఐదు మెట్లుగా చూడవచ్చు. ధరలు మారుతుంటాయి కాబట్టి అంకెలు పక్కన పెట్టి వరుస మాత్రమే చెబుతున్నాను.

మొదటి మెట్టులో బ్యాగ్‌పైపర్, ఆఫీసర్స్ చాయిస్ వంటివి. కూలి పనికి పోయే మనిషి క్వార్టర్‌లో ఎక్కువగా కొనేవి ఇవే. మోతాదుకు ధర తక్కువ, స్పిరిట్ ఘాటు ఎక్కువ, మాల్ట్ జాడ తక్కువ. నీళ్లు కలిపినా గొంతులో గరుకు పోదు. ఇది విస్కీ కోసం కాదు, మత్తు కోసం కొనే మెట్టు.

రెండో మెట్టులో ఇంపీరియల్ బ్లూ, మెక్‌డోవెల్స్ నంబర్ వన్, రాయల్ స్టాగ్. తెలుగు రాష్ట్రాల్లో పెళ్లి అయినా పండుగ అయినా ఎక్కువగా తెరుచుకునేవి ఇవే. 1995లో వచ్చిన రాయల్ స్టాగ్ భారతీయ గ్రెయిన్ స్పిరిట్‌తో దిగుమతి స్కాచ్ మాల్ట్ కలిపి, ఆ మాట చెప్పుకునే మార్కెట్ గెలిచింది. మొదటి మెట్టు నుంచి ఇక్కడికి రావడానికి పెట్టే అదనపు డబ్బుకు వచ్చే తేడా, పైన ఏ మెట్టులోనూ అంత స్పష్టంగా కనపడదు.

మూడో మెట్టులో బ్లెండర్స్ ప్రైడ్, సిగ్నేచర్, యాంటిక్విటీ, స్టెర్లింగ్ రిజర్వ్ ఉన్నాయి. జపాన్ సన్‌టోరీ కంపెనీ బ్లెండర్ షింజీ ఫుకుయో భారత మార్కెట్ కోసమే కూర్చి 2019లో విడుదల చేసిన ఓక్‌స్మిత్ కూడా ఈ మెట్టుదే. వీటిలో నిమ్మళం ఎక్కువ. సోడా, కూల్‌డ్రింక్ లేకుండా నీళ్లతోనే తాగగలిగే మొదటి మెట్టు ఇది. నెలకో, పండక్కో ఒకసారి తాగే మనిషికి అందుబాటు ధరలో మంచి విస్కీ అంటే నా లెక్కలో ఇదే.

నాలుగో మెట్టు స్కాట్లాండ్ నుంచి పీపాల్లో తెచ్చి ఇక్కడ సీసాల్లో నింపే స్కాచ్: టీచర్స్, హండ్రెడ్ పైపర్స్, బ్లాక్ అండ్ వైట్, వ్యాట్ 69. మూడేళ్ల పీపా నియమం వీటికి ఖాయం. ఇక్కడే నింపడం వల్ల పూర్తిగా దిగుమతైన సీసా కన్నా చవక. బంధువుకు కానుక ఇవ్వాలన్నా, నలుగురు పెద్దలు కూర్చునే చోటికి ఒక్క సీసా తీసుకుపోవాలన్నా పెట్టిన డబ్బుకు న్యాయం జరిగేది ఇక్కడ.

ఐదో మెట్టు మన సింగిల్ మాల్ట్‌లు. బెంగళూరు అమృత్ 2004లో గ్లాస్గోలో తన సింగిల్ మాల్ట్ విడుదల చేసింది. గోవా పాల్ జాన్, ఉత్తరప్రదేశ్ రాంపూర్, హర్యానా ఇంద్రి ఆ దారిలో వచ్చాయి. స్కాట్లాండ్ చలికి పీపాలోంచి ఏడాదికి 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరు వేడికి 10 శాతం దాటుతుంది. సరుకు త్వరగా పండుతుంది, త్వరగా తరిగిపోతుంది కూడా. అందుకే ఖరీదు. ఇవి గర్వపడదగ్గ విస్కీలు. అయితే బగారన్నంతో, యాట కూరతో ముప్పై మంది కూర్చునే దావత్‌కు ఇవి తగవు. ఇద్దరో ముగ్గురో నెమ్మదిగా రుచి చూసే సాయంత్రానికి తగినవి.

సీసా చేతికొచ్చాక

మద్యం ప్రకటనలు నిషిద్ధం. కంపెనీలు సోడా పేరుతో, మ్యూజిక్ పేరుతో, మంచినీళ్ల పేరుతో బ్రాండు పేరును జనం నోళ్లలో నానేలా చేస్తాయి. లోపల ఏముందో చెప్పేది లేబుల్ ఒక్కటే. కౌంటర్ దగ్గర దీపం కిందికి వంచి చదవండి.

ముందు మూత. సీల్ తెగకుండా, మూత మీది ఎక్సైజ్ హోలోగ్రామ్ లేబుల్ చిరగకుండా, ఊడదీసి మళ్లీ అతికించినట్టు లేకుండా ఉండాలి. తర్వాత వెనక లేబుల్. గ్రెయిన్ స్పిరిట్ అని రాసి ఉందా, ఉత్త న్యూట్రల్ స్పిరిట్ అని వదిలేశారా చూడండి. మాల్ట్ ప్రస్తావన ఉంటే భారతీయ మాల్టా, స్కాచ్ మాల్టా చూడండి. కలిపిన ఫ్లేవర్ గురించి రాసి ఉంటే గమనించండి. ఆల్కహాల్ 42.8 శాతం అని చాలా సీసాల మీద ఉంటుంది, అది మన దగ్గర మామూలే. వయసు రాసి ఉంటే అందులోని అతి తక్కువ వయసు సరుకుకు అది వర్తిస్తుంది. వయసు రాయకుండా రిజర్వ్, క్లాసిక్, ప్రీమియం అన్న మాటలు ఎన్ని ఉన్నా వాటికి లెక్క లేదు. బ్యాచ్ నంబర్, తయారీ నెల, ఎమ్మార్పీ చెరిగిపోకుండా ఉండాలి.

రంగు చూసి మోసపోకండి. ముదురు బంగారు రంగు ఎక్కువగా కారమెల్‌దే, పీపాది కాదు.

గ్లాసులో 30 ఎంఎల్ పోసి, ఐస్ లేకుండా, అంతే నీళ్లు కలిపి ఒక నిమిషం ఆగండి. నోరు కొద్దిగా తెరిచి వాసన చూడండి. మంచి సరుకైతే ధాన్యం, ఎండు ద్రాక్ష, కాల్చిన చక్కెర, తడి చెక్క వాసన ఏదో ఒకటి తగులుతుంది. నాసిరకమైతే గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు ముక్కు మండుతుంది. మింగాక రుచి కాసేపు నిలిస్తే మాల్ట్ ఉన్నట్టు. వెంటనే చేదు, మంట మాత్రమే మిగిలితే ఆ బ్రాండుకు మళ్లీ డబ్బు పెట్టకండి. ఈ పరీక్షకు ఖర్చు లేదు, మిక్చరు పొట్లం విప్పకముందు చేస్తే చాలు.

చవక అనిపించి ఖరీదయ్యేవి

ఊళ్లో కిరాణా కొట్టు వెనక నడిచే బెల్టు షాపులో ఎమ్మార్పీ ఉండదు. వైన్స్ నుంచి తెచ్చిన క్వార్టర్ మీద తోచినంత వేస్తారు. మొదటి మెట్టు సరుకుకు రెండో మెట్టు ధర పెట్టి తాగుతున్నవాళ్లు పల్లెల్లో తక్కువ కాదు. సీసా విప్పి నైంటీలు పోసి అమ్మేచోట కల్తీని ఎవరూ గుర్తుపట్టలేరు.

పక్క రాష్ట్రం సరుకు ఇంకో ఆశ. ఏడుపాయలకు కర్ణాటక, మహారాష్ట్ర నుంచి కూడా భక్తులు వస్తారు. అటు నుంచి చవకగా తెప్పించుకుందామనే మాట వినిపిస్తుంది. తెలంగాణ సుంకం కట్టని మద్యం తేవడం నేరం. పైగా ఆ దారిలోనే నకిలీ సరుకు కూడా వస్తుంది. డ్యూటీఫ్రీ అని చెప్పి చేతికిచ్చే సీసాలకూ ఇదే మాట.

కల్లు మన పాత అలవాటు. అమ్మవారికి సాక పోసేది దానితోనే. చెట్టు కల్లు దొరికితే సంతోషం. అయితే అల్ప్రాజోలం, డైజోపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన మందు కల్లు తెలంగాణను ఏళ్లుగా పీడిస్తోంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీసింది. విస్కీ ఖరీదని తెలియని దుకాణంలో కల్లుకు మళ్లడం పరిష్కారం కాదు.

తీర్పు, విజ్ఞప్తి

మద్యం ఎంత తక్కువైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది. ఖరీదైన విస్కీ అయినా కాలేయానికి ఆల్కహాలే. అందువల్ల నాణ్యత గురించిన మాట పరిమాణం గురించిన మాటతో కలిసే నడవాలి. నా సలహా సూటిగా ఇది: మొదటి మెట్టులో ఫుల్ కొనే డబ్బుతో మూడో మెట్టులో హాఫ్ కొనండి. ఖర్చు పెద్దగా మారదు, తాగేది సగమవుతుంది, రుచి మెరుగవుతుంది.

అందుబాటు ధరలో మంచి విస్కీ మన దగ్గర ఉంది. దాన్ని ఎంచుకునే సమాచారమే లేదు. సీసా ధరలో పెద్ద వాటా తీసుకునే ప్రభుత్వానికి ఈ విషయంలో బాధ్యత ఉంది. స్పిరిట్ మడ్డిదా ధాన్యానిదా, మాల్ట్ ఎంత శాతం, పీపాలో ఎన్నాళ్లు ఉంది అన్న మూడు వివరాలు ప్రతి సీసా మీద తెలుగులో ముద్రించాలి. ప్రతి వైన్స్‌లో ధరల పట్టిక కనపడేచోట పెట్టాలి. హోలోగ్రామ్‌ను కొనేవాడే ఫోన్‌తో పరీక్షించుకునే వీలు కల్పించాలి. బెల్టు షాపులను మూయించాలి. వీటిలో ఏదీ ఖజానాకు పెద్ద నష్టం తెచ్చేది కాదు.

ఏడుపాయలకు వెళ్లేవాళ్లకు ఒక మాట. లైసెన్సు ఉన్న దుకాణంలోనే, ఎమ్మార్పీకే కొనండి. 21 ఏళ్లు నిండని పిల్లల చేతికి సీసా ఇవ్వకండి, వాళ్లను దుకాణానికి పంపకండి. గుడి దగ్గర మర్యాద పాటించండి. తాగినవాళ్లను మంజీరాలో స్నానానికి దిగనివ్వకండి, ఎగువనున్న సింగూరు ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలినప్పుడు ఆ పాయలు చూస్తుండగానే పొంగుతాయి. తిరుగు ప్రయాణంలో బండి నడిపే మనిషి ఆ రోజు గ్లాసు ముట్టకూడదు.